నిద్రపోయే ద్రాక్ష

వైటూకే గండం గడిచిన ఏడాది మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఏ తెలుగింటికి భోజనానికి వెళ్ళినా నన్ను ఒకటే అడిగేవారు: "ఏ కోర్సు చేస్తున్నావు?" కోర్సంటే కంప్యూటర్ కోర్సే. భూమ్మీద ఇంకో చదువుందని వాళ్ళకి గుర్తుండేది కాదు. నేను హైదరాబాదులో ఉద్యాన శాస్త్రం చదివాను. నగర శివార్లలో మా నాన్నకు ద్రాక్షతోట ఉండేది, పందిళ్ళ కింద పెరిగినదాన్ని. కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే నాకు చిరాకు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేదాన్ని.

"టెస్టింగ్‌కి కోడింగ్ అక్కర్లేదమ్మా, ఇట్టే జాబ్ వచ్చేస్తుంది" అంది ఓ ఆదివారం గుంటూరు ఆంటీ.

"జాబ్ దొరికింది ఆంటీ. జీలాంగ్ అవతల ద్రాక్షతోటల."

"పళ్ళ తోటా?"

"వైన్ తోట."

ఆంటీ నా కంచంలో సాంబారు పొయ్యబోతూ ఆగిపోయింది. "మా ఇంటామె మందు కంపెనీల చేరింది" అని మా ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ, సాంబారు నేనే పోసుకుని తిన్నాను.

తోట యజమానురాలు డెబ్బై దాటిన తెల్లావిడ, మితభాషి. "వచ్చే కోత దాకా చేసి చూడు. ఉంచుకోవాలో లేదో అప్పుడు చెబుతాను" అంది. నా డిగ్రీని పట్టించుకున్న మనిషి ఈ దేశంలో ఆవిడొక్కతే. ఈ అవకాశం చెయ్యి జారితే నాకు మిగిలేది టెస్టింగేనని నాకు బాగా తెలుసు.

నేను చేరింది ఏప్రిల్‌లో, కోత అయిపోయాక. విరిగిన కొమ్మలు తీసేయమని కత్తెర ఇచ్చింది. మా నాన్న తోటలో ఏప్రిల్ అంటే పెద్ద కత్తిరింపు. కాయ దిగిపోగానే తీగలన్నిటినీ మోడులుగా కోసేస్తాం. మళ్ళీ అక్టోబరులో కాయల కోసం ఇంకో కత్తిరింపు. చిన్నప్పటి నుంచి చేసిన పని కదా, చెయ్యి దానంతటదే నడిచింది. ఆవిడ టీ తాగి వచ్చేసరికి వరస మొదట్లో ఉన్న తీగలన్నీ బోడిగా నిలబడి ఉన్నాయి. పచ్చటి ఆకులు నా కాళ్ళ చుట్టూ పడి ఉన్నాయి.

ఆవిడ అరవలేదు. "అవి ఇంకా తింటున్నాయి" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. ఇక్కడ ద్రాక్ష చలికాలమంతా నిద్రపోతుంది. కోత అయ్యాక కూడా ఆకులు ఎండ తాగి వేళ్ళలో తిండి దాచుకుంటాయి. అవి పండి రాలిపోయాకే, నడిచలిలో కత్తెర పెట్టాలి. మా హైదరాబాదులో తీగకు నిద్ర లేదు, ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది మనిషి కత్తెర ఒక్కటే. ఇక్కడ ఆ పని చలి చేస్తుంది. పుస్తకంలో చదివిన విషయమే, పరీక్షలో రాసిన విషయమే. అయినా నా చేతికి తెలిసింది మా నాన్న తోట మాత్రమే. కొద్ది రోజుల్లో ఆ బోడి తీగలు వేళ తప్పి చిగుర్లు వేశాయి, మంచు పడి ఆ చిగుర్లు నల్లగా మాడిపోయాయి. వాటిని చూడటానికి సిగ్గేసింది. మానేద్దామని మాత్రం అనిపించలేదు.

ఆ తోటలో రకం పీనో న్వార్. దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని బస్సులో, వంట దగ్గర, ఎక్కడ కూర్చుంటే అక్కడ చదివాను. బర్గండీలో వేసవి పొట్టిది, చలి గట్టిది. నిదానంగా పండే రకాలు అక్కడ పచ్చికాయలుగానే మిగిలిపోతాయి. పీనో త్వరగా పండుతుంది కాబట్టి నిలబడింది. పొద్దుటెండ తగిలే వాలు మీద, సున్నపురాయి నేలలో దానికి రుచి వచ్చింది. అదే వాలులో తెల్లమట్టి ఎక్కువున్న చోట షార్డొనే అనే తెల్లద్రాక్ష కుదురుకుంది. ఇంకా దక్షిణాన నల్లరాతి నేలలోకి పోతే ఆ రెండూ కాక గమే అనే మూడో రకం రాజ్యం. మా నాన్న వేసిన అనాబెషాహి రకానికి ఎండ ఎంత కాస్తే అంత సంతోషం. పీనో తోలు పలచన, అంత ఎండకు కాయ తీగ మీదే వాడిపోతుంది. రకాన్ని మనిషి ఎంచుకుంటాడని అప్పటిదాకా అనుకునేదాన్ని. నేల, చలి కలిసి పనికిరానివాటిని తోసేస్తే, మిగిలినదానికి మనిషి పేరు పెడతాడు. అది తెలిశాక, ఆవిడ తోటలో తవ్వించిన గోతిలోకి దిగి చూశాను. పైన నల్లమట్టి, మోకాలి లోతున బర్గండీలో లాంటి తెల్లటి సున్నపురాయి. ఇంత పొడి గాలిలోనూ ఈ రకం ఇక్కడ ఎందుకు బతుకుతున్నదో అప్పుడు తెలిసింది.

ఇక్కడ నడిచలి అంటే జూలై, అప్పుడు కత్తిరింపు మొదలైంది. వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆ చలిలోనే మా ఆయన ప్రాజెక్టు మూసేశారు. కొన్నాళ్ళకి సిడ్నీలో ఉద్యోగం దొరికింది.

"క్వేకర్స్ హిల్‌ల ఇల్లు చూసిన. నెక్స్ట్ మంత్ షిఫ్ట్ అయిదాం" అన్నాడు.

"కోత అయ్యేదాక నేను రాను."

"ఆడ గూడ తోటలుంటయి కదా. హంటర్ వ్యాలీ దగ్గర్నే."

"ఆడ వేడి ఎక్కువ. ఈ రకం ఆడ ఇట్ల పండదు."

"నాకంటే ఆ చెట్టే ఎక్కువైందా?"

"చెట్టు కోసం కాదు, నా కోసం ఉంటున్న."

ఆయన వెళ్ళిపోయాడు. వెర్రిబీలో నా గురించి ఏమేం అనుకున్నారో నాకు తెలుసు. ఆదివారం భోజనాలకు పిలవడం తగ్గించారు. ఏడుపొచ్చిన రోజులున్నాయి. ఏడ్చాను, పొద్దున్నే బస్సెక్కాను.

వసంతంలో తోటంతా చిగురించింది. నేను ఏప్రిల్‌లో కోసినవి ఆలస్యంగా, నీరసంగా లేచాయి, ఒక్క గుత్తి కూడా వేయలేదు. మిగతా వరసలు జూలైలో నేను కత్తిరించినవే, నిండుగా కాశాయి. మార్చిలో కోసిన చివరి బుట్ట బండి మీద పెట్టి ఆవిడ చేతులు తుడుచుకుంది.

"ఉండు" అంది. అంతే అంది.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. "కోత అయింది గదా. ఇగ ఫ్లైట్ బుక్ చేయాల్నా?"

"చెయ్యి. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి. నీకు."

"నా జాబ్ ఈడుంది గదా."

"నీ జాబ్ యాడుంటే ఆడికి ఇన్ని దినాలు నేనొచ్చిన. ఇప్పుడు నా జాబ్ ఈడ ఉన్నది."