మద్దిలేటి వాళ్ల ప్రీ యాంప్

పొద్దున్నే మా పెద్దనాయన కొడుకు మద్దిలేటి ఫోటో పంపినాడు. కొత్తగా కొన్న రికార్డు ప్లేయరు, పక్కన తళతళలాడే యాంప్లిఫయరు. కింద ఒక మాట అడిగినాడు: "ఒరేయ్, దీనికి ప్రీ యాంప్ కావాల్నా?"

ఆ పేరు చదవంగానే ఆళ్లగడ్డలో మా పాత ఇల్లు గుర్తొచ్చి కడుపు మండింది.

మన కాలమోళ్లకు తెలుసు గదా, అప్పట్లో స్పీకరును మట్టికుండ మూతిలో కూర్చోబెట్టేటోళ్లం. మా ఇంట్లో కుండే, పక్కనే మద్దిలేటి వాళ్లింట్లోనూ కుండే. కానీ వాళ్లు క్యాసెట్ పెడితే మా గోడమీది పటాలు అదిరేవి. మా కుండలోంచి దోమ పాడినట్టు వచ్చేది. వాళ్ల పెట్టెలో నంద్యాల నుంచి తెప్పించిన ప్రీ యాంప్ ఉండేది. సన్నటి సౌండును లావు చేసి యాంప్లిఫయరుకు అందిస్తాదంట. దాని ఎర్రలైటు కిటికీలోంచి కనపడితే నాకు అన్నం సయించేది కాదు.

నేను ఏడ్చి ఏడ్చి సతాయిస్తే, మా నాయన పోయి పెద్దనాయననే సలహా అడిగినాడు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "మీ సెట్టుకు అదెందుకురా, దండగ" అన్నాడు. తన అన్న మాట కాదనలేక నాయన ఊరుకున్నాడు. మా కుండ అట్లనే దోమపాట పాడింది.

ఈరోజు మద్దిలేటి పంపిన ఫోటోను పెద్దది చేసి చూసినా. వాని యాంప్లిఫయరులో ప్రీ యాంప్ లేదు. అది లేకుంటే రికార్డు పాట పక్క గదిలోకి కూడా వినపడదు.

జవాబు పెట్టినా:

"నీ సెట్టుకు అదెందుకురా, దండగ."