పెట్టె సర్దే ఆటలో తెరుచుకున్న ఆల్బమ్

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. కంప్యూటర్‌లో మనం పెట్టనిది అందులోంచి బయటికి రాదు. ఈ నమ్మకంతోనే ఇన్నేళ్లూ ఉద్యోగం చేశాను. అందుకే ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2010 ప్రాంతంలో అమెరికాలో న్యూజెర్సీలోని ఐసెలిన్ అనే ఊళ్లో ఉంటూ, అక్కడే ఒక చిన్న డిజైన్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మ్యూజియంలకు టచ్ స్క్రీన్‌లు, వీడియో గోడలు తయారుచేసేవాళ్లం. ఆ ఏడు ఒక హోలోకాస్ట్ మ్యూజియం పని వచ్చింది. నాజీలు చంపిన యూదుల కథ చెప్పే ప్రదర్శన అది.

స్కూలు పిల్లలకు బోర్ కొడుతుందని మా మేనేజర్ గ్రెగ్ ఒక ఆట కావాలన్నాడు. సైనికులు ఇల్లు ఖాళీ చేయమన్నారు. అరవై సెకన్లలో పెట్టెలో ఏం సర్దుకుంటావు? పెద్ద టచ్ టేబుల్ మీద దుప్పటి, రొట్టె, బొమ్మ, ఫొటో ఆల్బమ్ కనిపిస్తాయి. వేలితో లాగి పెట్టెలో వేయాలి. టైమ్ అయితే బజర్. బాగా సర్దితే నక్షత్రాలు.

ఆ ఆట నాకు నచ్చలేదు. కానీ నా వీసా కంపెనీ చేతిలో ఉంది. కాదనలేదు. పదకొండు బజర్ శబ్దాలు విని, వాటిలో ‘బాగున్నది’ ఏరిపెట్టింది కూడా నేనే.

ఆట చూడటానికి ఒకరోజు ఉదయం రూత్ అనే పెద్దావిడ వచ్చారు. ఎనభై దాటాయి. చిన్నప్పుడు నాజీల నిర్బంధ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ మనిషి. గ్రెగ్, నేను, నాతో పనిచేసే వరంగల్ కుర్రాడు శ్రీను పక్కనే ఉన్నాం.

ఆవిడ రొట్టె ముట్టుకోలేదు. ఆల్బమ్ మీద వేలు పెట్టారు.

ఆ ఆల్బమ్ ఒట్టి బొమ్మ. గోధుమరంగు చతురస్రం. తెరుచుకునేలా నేను ప్రోగ్రామ్ రాయలేదు. అది తెరుచుకుంది. లోపల ఒక నలుపు తెలుపు ఫొటో. పదేళ్ల పిల్ల గడప మీద కూర్చుని పిల్లిని ఒళ్లో అదిమి పట్టుకుంది. ఒక మేజోడు జారిపోయి ఉంది.

“మా చెల్లెలు,” అన్నారు రూత్. “మా వాళ్ల ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదే. మీకెక్కడ దొరికింది?”

బజర్ మోగింది. ఫొటో పోయింది.

ఆ ఫొటో మేం పెట్టింది కాదని ఆవిడకు చెప్పాను. ఆవిడను కారెక్కించి వచ్చిన గ్రెగ్ మొహం పాలిపోయి ఉంది. పది నిమిషాలకు తేరుకుని నన్ను పక్కకు పిలిచాడు.

“దీన్ని మళ్లీ రప్పించగలమా? ఓపెనింగ్ రోజు ఇలాంటిదొకటి పడితే అందరూ ఏడుస్తారు!”

ఆ మాటే అసహ్యంగా అనిపించింది. అంతకంటే అసహ్యం, నేను “ట్రై చేస్తాను” అనడం.

రెండు రోజులు వెతికాం. ఆ మెషీన్‌కు ఇంటర్నెట్ కనెక్షనే లేదు.

“అన్నా, ఫోల్డర్లన్నీ చూసిన. గసొంటి ఫొటోనే లేదు. మెషీన్ రాసుకునే లాగ్‌లల్ల గూడ ఏం లేదు,” అన్నాడు శ్రీను.

మరుసటి వారం రూత్ ఒక్కరే వచ్చారు. ఇంకొక్కసారి చూపించమన్నారు. ఆల్బమ్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. బజర్, నక్షత్రాలు. మళ్లీ. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“చాలు బాబూ.”

ఆ మధ్యాహ్నమే ఆట మొత్తం డిలీట్ చేసి, ఇక ఇది చేయనని గ్రెగ్‌తో చెప్పాను. ఆట వద్దని రూత్ కూడా మ్యూజియం వాళ్లకు గట్టిగా చెప్పారట. ఆ టేబుల్ ప్రదర్శనకు వెళ్లలేదు.

ఆ ఫొటో ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరైనా కారణం చెబితే వింటాను. రూత్‌కు మాత్రం చెప్పలేను. ఆవిడ ఆ చలికాలంలోనే పోయారు.