పిట్టలకు కుట్టిన సంచులు

నౌపడ స్టేషను రోడ్డులో నాకో చిన్న కుట్టుమిషను కొట్టు ఉంది. జాకెట్లు, పిల్లల యూనిఫారాలు, అప్పుడప్పుడూ దిండు గలీబులు కుడతాను. ఓ కార్తీకమాసం పొద్దున ఒక మేడం వచ్చి, జానెడు పొడుగు సంచులు రెండు డజన్లు కావాలంది. పల్చటి నూలుగుడ్డ, మూతికి నాడా.

"ఏటేస్తారమ్మా ఇందులో, తాంబూలాలా?" అన్నాను.

"పిట్టల్ని," అందావిడ.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఉప్పుమడుల వెనకాల వాన నీళ్లు చేరి చలికాలం దాకా ఆరని నేల ఉంది, మేం తంపర అంటాం. అక్కడికి ఎక్కడెక్కడినుంచో ఎగిరొచ్చే పిట్టల్ని సన్నటి వలతో పట్టి, కాలికి నంబరున్న రింగు వేసి వదిలేస్తారట; మళ్లీ ఎక్కడ దొరికినా ఆ నంబరుని బట్టి ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుందట. వలలోంచి తీసిన పిట్ట తన వంతు వచ్చేదాకా సంచిలో ఉండాలి. చీకట్లో ఉంటే బెదరదట. ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. అనుమతి కాగితాలన్నీ ఉన్నాయిగానీ, సాయానికి ఊళ్లోవాళ్లు ఎవరూ రావడంలేదంది.

జాకెట్టు కుట్టినంత పొందిగ్గా కుట్టాను. అంచులన్నీ లోపలికి, పైకి దారప్పోగు కనబడకుండా. నేనే ఇచ్చొద్దామని మర్నాడు తెల్లారేసరికి తంపరకి వెళ్లాను.

మేడం, ఆవిడ కాలేజీ పిల్లలు ఆ పూటే వాడకం మొదలెట్టారు. మూడో సంచిలోంచి ఉల్లంకి అనే చిన్న నీటిపిట్టని తియ్యబోతే రాలేదు. మేడం సంచి మూతి వెడల్పు చేసి చూసింది. లోపలి అంచు దగ్గర పీచులేచిన దారం పిట్ట కాలివేలికి చుట్టుకుంది. అది గింజుకునేకొద్దీ దారం బిగుస్తోంది.

నా చిన్న కత్తెర ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. తీసి ఇవ్వబోయాను.

"నువ్వే కొయ్యి. ఆ దారం ఎటు లాగితే ఎటు బిగుస్తుందో నీకే తెలుసు," అంది మేడం, పిట్టని కదలకుండా పట్టుకుని.

కత్తెర మొన దూర్చి ఒక్కో పోగే తెంపాను. వేలు ఎర్రగా కమిలిపోయింది. ఆ పిట్టకి రింగు వెయ్యకుండానే వదిలేశారు. అది బురదలో నాలుగడుగులు కుంటుకుంటూ వేసి, తర్వాత ఎగిరింది.

నేను గట్టుమీద కూలబడ్డాను. నా కుట్టుకి ఊళ్లో ఎవరూ వంక పెట్టలేదు. అలాంటిది నోరులేని దాన్ని హింసపెట్టానని ఏడుపొచ్చేసింది. మేడం వచ్చి పక్కన కూర్చుంది.

"తప్పు నాది. కుట్టు బయటికి రావాలని నీకు చెప్పలేదు. నేర్చుకునే రోజుల్లో నా చేతిలో ఒక పిట్ట ప్రాణమే పోయింది. వారం రోజులు వలవైపు వెళ్లలేదు."

"మరి మళ్లీ ఎలాగెళ్లేరు?"

"నాకు నేర్పినాయన ఇంటికొచ్చి పిలిచారు."

ఇద్దరం అక్కడే కూర్చుని మిగతా సంచులన్నీ తిరగేశాం. మళ్లీ అటు వెళ్లే ధైర్యం నాకు లేదు. కానీ రెండోరోజు కొట్టు తలుపు తీస్తుంటే మేడం ఎదురుగా నిలబడి ఉంది. "రేపు వస్తావా?" అంది. కాదనలేకపోయాను.

అప్పటినుంచి చలికాలంలో ప్రతి ఆదివారం వెళ్తున్నాను. మొదట సంచులు మోశాను, తర్వాత నోటుబుక్కులో నంబర్లు రాశాను. ఆ తర్వాతే పట్టుకోవడం నేర్పారు. పిట్ట మెడ రెండు వేళ్ల సందున ఉండాలి, ఒళ్లు అరచేతిలో ఒదగాలి. కాస్త నొక్కితే దానికి ఊపిరాడదు.

మా అక్క మొగుడు ఉప్పుమడుల్లో పనిచేస్తాడు. నన్ను చూసినప్పుడల్లా ఒకటే వేళాకోళం. "ఏటే మరదలా, పిట్టలకి కడియాలు తొడుగుతన్నావంట! వాటికి నొప్పెట్టదేటే?"

ఆ మాట నాకు గుచ్చుకునేది. ఒకరోజు ఉండబట్టలేక దారం సంగతంతా చెప్పేశాను. బావ నవ్వు ఆపేశాడు. ఆ తర్వాత కడియాల మాట ఎత్తలేదు.

పోయిన చలికాలం తంపరలో నీళ్లు ముందే ఇంకిపోయాయి. రెండు ఆదివారాలు వల ఖాళీగా ఉండిపోయింది. ఆ దిగులు బావ దగ్గర వెళ్లగక్కాను.

"ఆడెందుకుంటాయే? సముద్రం పోటెక్కితే అయన్నీ ఉత్తరం మడుల్లోకొచ్చి కూకుంటాయి. నాన్సూపిత్తాను, రండి," అన్నాడు.

ఆ ఆదివారం చీకటుండగానే జారే గట్లమీద బావ ముందు నడిచాడు, మేం వెనక. ఆయన చెప్పినచోటే వల కట్టాం. తెల్లవారేసరికి సంచులు చాల్లేదు.

రింగు వేసిన పిట్టనొకదాన్ని మేడం బావ చేతిలో పెట్టింది. ఉప్పుకి పగుళ్లుబారిన చెయ్యి అది. ఆయన దాన్ని మెల్లగా కళ్లదాకా ఎత్తి చూశాడు.

"ఇంతేనేటి బరువు?" అన్నాడు. "ముప్పయ్యేళ్లనుంచీ సూస్తన్నాను గానీ, ఇంత సులకనని తెల్దు."

చెయ్యి విప్పాడు. పిట్ట ఒక్క క్షణం కదలకుండా ఉండి ఎగిరిపోయింది. బావ చెయ్యి పంచెకి తుడుచుకుని మేడం వైపు తిరిగాడు. "వొచ్చే వారం ఇంకాస్త ముందే రండమ్మా. నీటిమీద ఎండ పడితే వల కనపడిపోద్ది."