స్క్రూలు పట్టే ఎముక

మొన్న ఆదివారం పొద్దున చల్లపల్లి నుంచి ఫోనొచ్చింది. మా డ్రిల్లు టీచరుగారు నిద్రలోనే పోయారట. గుండె ఆగిపోయిందట.

హైస్కూల్లో మా ఆడపిల్లలందరి చేతా ఎండలో కబడ్డీ ఆడించిన మనిషి ఆవిడ. "పిల్లలు నల్లబడిపోతున్నారండీ, రేపు పెళ్లిళ్లెలా అవుతాయి?" అని అమ్మలు గొడవకొస్తే, "ముందు పరిగెత్తడం రానివ్వండమ్మా" అనేవారు.

రిటైరయ్యాక నడుంనొప్పి ముదిరి, కాళ్లు తిమ్మిరెక్కి, వీధి చివరిదాకా నడవడమే కష్టమైంది. నేనుండేది విజయవాడలో గనుక ఆవిడనూ, ఆవిడ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని ఇక్కడి ఆస్పత్రికి వెళ్లాను. వెన్నులో నరాలు నొక్కుకుపోయాయి, ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించాలన్నారు డాక్టరుగారు. ఎముక బలం చూసే డెక్సా పరీక్షలో అంతా బాగానే ఉందని వచ్చింది. ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. సీటీ స్కాన్ తెర మీద పెట్టి వెన్నుపూసల లోపలి భాగాన్ని కొలిచి చూశారు.

"అరిగినచోట ఎముక పైపైన పెరిగిందండీ. అందుకే ఆ రిపోర్టు బాగా కనపడింది. లోపలంతా గుల్లే. ఇప్పుడు బిగిస్తే స్క్రూలు ఊడొచ్చేస్తాయి. కొన్నాళ్లు ఎముక పెరిగే మందు వాడి, అప్పుడు చేద్దాం. ఈలోగా కాళ్లలో బలం తగ్గితే మాత్రం వెంటనే రండి."

బయటికి రాగానే తమ్ముడు అందుకున్నాడు. "ఈ వయసులో ఇదంతా ఎందుకక్కా? మంచం మీద కూర్చో, మేం చూసుకుంటాం. కాదంటావా, వెంటనే ఆపరేషన్ చేసేవాళ్లు ఇంకోచోట ఉన్నారు."

"మంచమూ ఎక్కను, ఊడిపోయే స్క్రూలూ వేయించుకోను. ఎముకేగా? పెంచుతాను" అన్నారావిడ.

రోజూ పొట్టకి ఆ మందు తనే ఇంజెక్షన్ చేసుకునేవారు. ఒకరోజు నేను చల్లపల్లి వెళ్లేసరికి గోడ పట్టుకుని నడుస్తూ ఏడుస్తున్నారు. నన్ను చూసి కళ్లు కూడా తుడుచుకోలేదు.

"ఏడుస్తున్నానే గానీ ఆగలేదు కదే!" అన్నారు.

నెలలు గడిచాక మళ్లీ సీటీ తీశారు. ఎముక గట్టిపడింది. ఆపరేషన్ జరిగింది, స్క్రూలు పట్టాయి. ఆ తర్వాత పోయేదాకా ఆవిడ ఎవరి భుజమూ అడగలేదు.

నేను చివరిసారి చూసింది చెకప్‌కి వచ్చినప్పుడు. బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటాలి. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. మీదికొస్తున్న ఆటోకి అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆటో ఆగింది. దాని వెనక సిటీబస్సూ ఆగింది. హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆవిడ ఏ తొందరా లేకుండా, తలైనా తిప్పకుండా, రోడ్డు నడిమధ్య నుంచి నడిచిపోతున్నారు.