విఠల్ సార్ జ్ఞానదంతం

అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చిన పిల్లల్లో విఠల్ సారును ఎరగనివారు తక్కువ. పదిహేడేళ్లుగా పాలిటీ, అంటే రాజ్యాంగ పాఠం, చెబుతున్నాడు. మైకు ముట్టడు. ఆయన "ప్రాథమిక హక్కులు" అన్నాడంటే వెనక బెంచీలో కునికేవాడు కూడా ఉలిక్కిపడి పెన్ను తీయాల్సిందే. ప్రశ్న వేసి, జవాబు మాత్రం నోటితో కాదు, వేళ్లతో చూపించమంటాడు. క్లాసులో మాట్లాడే హక్కు తనొక్కడిదేనని ఆయన గట్టి నమ్మకం.

అంతటి మనిషికి కింది దవడలో జ్ఞానదంతం పైకి రాకుండా అడ్డంగా పడుకుంది. చిక్కడపల్లిలో ఇంట్లో భార్య త్రివేణి తీయించుకొమ్మని ఒకటే పోరు. "పిల్లల పరీక్ష కానియ్, మరునాడే తీపిచ్చుకుంట" అనేవాడు. పరీక్ష వాయిదా పడింది. దానితోపాటే పన్నూ వాయిదా పడింది. అట్లా రెండేళ్లు! మూడోసారి వాయిదా పడిన వారం బుగ్గ బూరెలా ఉబ్బి, నోరు తెరవడమే కష్టమైంది.

నారాయణగూడలో పళ్ల డాక్టర్ సంజన ఒకప్పుడు ఆయన క్లాసులోనే కూర్చుంది. రెండుసార్లు గ్రూప్స్ రాసి, అచ్చిరాక, మళ్లీ తన వైద్యానికే వచ్చేసింది. వాపు తగ్గడానికి మందులిచ్చి, వారం తర్వాత ఎక్స్‌రే చూపించింది.

"సార్, పన్ను వేరు నరానికి ఆనుకొని ఉన్నది. ఎక్కడో ఒకరికి పెదవి తిమ్మిరి అట్లనే ఉండిపోతది. పరేషాన్ గాకండి, జాగ్రత్తగనే తీస్త."

విఠల్ పెదవి తడుముకున్నాడు. పెదవి తిరగకపోతే ఇక పాఠం ఎక్కడిది? ఆయనకు వేరే విద్య రాదు.

మత్తు సూది వేసి, చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీసింది సంజన. మధ్యలో అడిగింది: "నొప్పి ఉన్నదా సార్? ఉంటే ఒక వేలు, లేకుంటే రెండు." నోరు తెరుచుకుని పడుకున్న సారు బుద్ధిగా రెండు వేళ్లు చూపించాడు. శిష్యురాలి కక్ష ఇన్నాళ్లకు తీరింది. కుట్లు వేసి, "సాయంత్రానికల్ల మత్తు దిగుతది. ఇయ్యాల జర మాట్లాడకండి" అని పంపింది.

ఇంట్లో చెంపకు ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. మూడయింది, నాలుగయింది. పెదవి గిల్లుకుంటే ఎవరి పెదవో గిల్లినట్టే ఉంది. ఐదింటికి నిజంగానే భయమేసింది. త్రివేణి చెంచాతో ఐస్‌క్రీం పెడుతుంటే సగం గడ్డం మీదికి కారింది. తుడవబోయిన ఆమె చేయి గబుక్కున పట్టుకున్నాడు. ఐస్‌క్రీం పెదవికి చల్లగా తగిలింది!

"ఏందండీ, తెలుస్తున్నదా?"

అవునన్నట్టు ఒక వేలు చూపించాడు. అంతటితో ఆగలేకపోయాడు.

"ప్రాథమిక హక్కులు!" మాట కాస్త ముద్దగానే వచ్చింది గానీ వచ్చింది. "ఎన్ని?"

మాట్లాడొద్దన్నారు కదా అని కసరబోయి మానుకుంది త్రివేణి. పదిహేడేళ్లుగా వింటున్న పాఠమే. చెంచా కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి, ఆరు వేళ్లు చూపించింది.