తలుపులు తెరుచుకోని పెళ్లి కారు

నా పెళ్లికి మా నాన్న ఒక కారు టాపు కోసేశాడు. బాడుగకు దొరక్క కాదు. ఫోన్ చేస్తే చాలు, గుంటూరు నుంచి ఓపెన్ టాపు కార్లు పూలదండలతో సహా వచ్చి వాకిట్లో నిలబడతాయి. కానీ నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని ట్రాక్టర్లకు ట్రక్కులు కట్టే మనిషి తన కూతుర్ని ఇంకొకరి బండిలో ఎక్కించి పంపుతాడా? అందులోనూ ఆ కూతురి ఉద్యోగమే ఓపెన్ టాపు కార్లతో అయినప్పుడు?

చెన్నై దగ్గర ఒక కార్ల కంపెనీలో నాది ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, స్ప్రింగుల విభాగం. టాపు మడిచి వెనక పెట్టుకునే స్పీడు కార్లు మా జట్టు పని. మలుపులో బండి ఎలా తిరుగుతోంది, గతుకుల్లో స్టీరింగు ఎంత వణుకుతోంది, గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు ఎంత వంగుతోంది, ఇవన్నీ తోలి చూసి సరిచేయాలి. ఊళ్లో చెబితే "అంటే డ్రైవరువా?" అని అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు అవుననేసి పక్కకు తప్పుకుంటున్నాను.

మా వాళ్లలో పెళ్లి మగపెళ్లివారి ఊళ్లోనే చేయడం ఆనవాయితీ. పెళ్లికొడుకుది కారంపూడి. నరసరావుపేట నుంచి కారంపూడి దాకా పెళ్లికూతుర్ని తానే స్వయంగా తోలుకెళ్లాలని నాన్న ముచ్చట. ఈ సంగతి నాకు చెప్పకుండా ఇంటిల్లిపాదీ దాచారు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది ఆవిడ కూడా దాచింది.

పెళ్లికి సెలవు పెట్టి ఇంటికి వచ్చిన రోజే నాన్న నన్ను షెడ్డుకు తీసుకెళ్లి పరదా లాగాడు. హైదరాబాదులో స్పీడు పిచ్చి ఉన్న ఒకాయన కొన్నాళ్లు తోలి వదిలించుకున్న రెండు తలుపుల కారు. ఇంజను మహా బలమైనది. పండు మిరపకాయ రంగు వేయించాడు. సీట్లకూ తలుపుల లోపలివైపుకూ మెరూన్ రెగ్జిన్ తనే దగ్గరుండి కుట్టించాడు. తలుపు తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"కారంపూడిలో దిగేటప్పుడు ఇట్టా నేను తీస్తా. నువ్వు దిగాల. చూసేవాళ్లు చూడాల" అన్నాడు.

నేను వెంటనే తాళం చెవులు అడిగాను. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నేనూ వస్తానని పక్క సీటులో ఎక్కాడు. బెల్టు పెట్టుకోమంటే "ఈ ఊళ్లో నాకు బెల్టేంది" అన్నాడు. పెట్టుకునేదాకా బండి కదపనన్నాను.

కోటప్పకొండ దారి పట్టేసరికే నాకు అనుమానం వచ్చింది. చిన్న గుంతలో పడ్డా స్టీరింగు చేతుల్లో గిలకలా కొట్టుకుంటోంది. ముందు అద్దం చట్రం ఒకవైపుకు, సీట్లు ఇంకోవైపుకు ఊగుతున్నాయి. కోళ్లు వదులైన నులకమంచం మీద కూర్చున్నట్లుంది. కుడి మలుపులో కాస్త వేగంగా తిప్పానో లేదో, మావయ్య వైపు తలుపు దానంతట అదే బార్లా తెరుచుకుంది. బెల్టు లేకపోతే మావయ్య పొలంలో ఉండేవాడు.

నేను బండి ఆపి చూసేసరికి మనిషి రెండు చేతులతో బెల్టును పట్టుకుని ఉన్నాడు. "ఏమే కోడలా, నీ పెళ్లి పప్పన్నం తినకుండానే నన్ను పంపిద్దామనుకున్నావా ఏంది?" అన్నాడు. నవ్వాడు గానీ బెల్టు మాత్రం వదల్లేదు.

తిరిగి షెడ్డుకు వచ్చేసరికి అమ్మ, ఇద్దరు ముగ్గురు చుట్టాలు, పనివాళ్లు అందరూ నా మొహంలో సంబరం చూద్దామని గుమిగూడి ఉన్నారు. నాకు మాట నాన్చడం చేతకాదు.

"నాన్నా, ఈ కారు పనికిరాదు" అన్నాను.

అమ్మ చటుక్కున "పెళ్లింట్లో అదేం మాటే, నోరు ముయ్యి" అంది. నాన్న మాత్రం బండి కింద పొడవునా దూలంలా వేసిన ఇనప ఛానెల్ చూపించాడు. "పనికిరాకపోడం ఏంది? పత్తి ట్రక్కులకేసే ఛానెల్ ఇది. తలుపు గొళ్లెం కొంచెం జరిపితే సరిపోద్ది. టాపు పోతే ఏందమ్మాయ్, అది ఎండకూ వానకేగా" అన్నాడు.

ఆయన లెక్క ఆయనది. జీవితంలో ఆయన కట్టిన ఏ ట్రక్కుకూ టాపు లేదు. బలమంతా కింద చట్రంలోనే ఉంటుంది. కారు సంగతి వేరు. అట్టపెట్టెకు మూత అతికించి ఉన్నంతసేపూ మెలితిప్పినా తిరగదు, మూత కోసేస్తే రెండు చేతుల మధ్య మెలికలు పోతుంది. కారు టాపు ఆ మూతలాంటిది. బాడీనే మెలికపడుతుంటే ఎంత మంచి స్ప్రింగులు వేసినా దండగ. చక్రం ఒకటి చెబుతుంది, స్టీరింగు ఇంకొకటి చెబుతుంది. మా కంపెనీలో టాపు లేని కారు గీయడం మొదలుపెడితే, పోయిన ఆ బలాన్ని ఎక్కడి నుంచి తేవాలన్నదే మొదటి ప్రశ్న.

అయినా అంత ఛానెల్ వేశాక ఇంత వదులు రాకూడదు. ఎలా కోశారని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు విషయం. నా పెళ్లి ముహూర్తం పెట్టించినప్పుడే నాన్న టాపు కోయడానికీ ఒక ముహూర్తం పెట్టించుకున్నాడట. ఆ రోజుకు ఛానెళ్లు కొట్టు నుంచి రాలేదు. తలుపులకు నిప్పురవ్వలు తగులుతాయని ఊడదీసి పక్కన పెట్టారు. ముందూ వెనకా దిమ్మల మీద నిలబెట్టి, మధ్యలో ఆధారం ఏమీ లేకుండా, ముహూర్తం దాటిపోతోందని కొబ్బరికాయ కొట్టి కోసేశారు. బండి నడుము కిందికి జారింది. కంటికి తెలిసేంత కాదు. ఛానెళ్లు వచ్చాక ఆ జారిన వంకరనే గట్టిగా వెల్డింగు చేశారు. తలుపులు పట్టకపోతే అంచులు అరగదీశారు. దాంతో గొళ్లాలు సరిగ్గా పట్టకుండా అంచున వేలాడుతున్నాయి.

మాటలతో అయ్యే పని కాదనిపించి జాకీ తెప్పించాను. ముందు ఎడమ చక్రం దగ్గర పెట్టి లేపాను. గట్టి బండి అయితే వెనకవైపు కూడా కొంచెం లేవాలి. ఇది ముందు మాత్రమే లేచింది. తలుపుకూ బాడీకీ మధ్య సందు నా వేలు పట్టేంత తెరుచుకుంది. జాకీ దించితే మూసుకుంది. మళ్లీ లేపాను. నాన్న వంగి చూశాడు. బయటికి వెళ్లి, సగం కట్టిన ట్రక్కు మీద కూర్చున్నాడు.

చుట్టాల్లో ఒకావిడ "చదువుకున్న పిల్లలతో ఇదే" అని గొణిగింది. నాకు ఒళ్లు మండింది, కానీ అంతకంటే ఎక్కువగా భయం వేసింది. కారు గురించి కాదు. ఆయన లోపలికి వచ్చి "పర్లేదమ్మా, మెల్లగా తోలతాలే, నా కోసం ఎక్కు" అంటే నేను కాదనలేను. తెలిసి తెలిసి ఎక్కేదాన్ని. నాన్న పక్కన కూర్చుని, నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్డు మీద ఆ బండిలో వెళ్లేదాన్ని. నా చదువు, ఉద్యోగం అన్నీ ఆయన ఒక్క మాట ముందు గాలికి పోయేవి.

ఆయన వచ్చాడు. "ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు.

అంతే. ఇంకొక మాట లేదు. కంపెనీలో నేను ఒక పార్టు బాగాలేదంటే దాన్ని చేసినవాళ్లు రీడింగులు అడుగుతారు, మళ్లీ అడుగుతారు. అది న్యాయమే, నాకు కోపం లేదు. కానీ తన షెడ్డులో, తన మనుషుల ముందు, తన చేతిపని గురించి కూతురు కాదంటే, చూసి, ఒప్పుకున్న మనిషి మా నాన్న. ఆ క్షణానికి నేను ఆయనకు ఎంత రుణపడ్డానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

షెడ్డు నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాను. పాత ఛానెళ్లు కోసి తీసేయాలి. నడుము కింద జాకీలు పెట్టి మట్టం వచ్చేదాకా లేపాలి. కింద అడ్డంగా కత్తెర ఆకారంలో గొట్టాలు వేయాలి. సీట్ల వెనక ఒక వంపు పైపు నిలబెట్టాలి. చివరి మాట చెప్పక తప్పలేదు. టాపుతో పోయిన బలం తిరిగి తేవడానికి పెళ్లికి ఉన్న వ్యవధిలో ఇంకో దారి లేదు.

"తలుపులు బాడీకి కలిపి వెల్డింగు చేసేయాలి నాన్నా."

"ఇక తెరుచుకోవా?"

"తెరుచుకోవు."

ఆయన మెరూన్ రెగ్జిన్ మీద అరచేయి ఆనించాడు. "ఎక్కేదెట్టా, దిగేదెట్టా మరి?" అన్నాడు మెల్లగా.

మావయ్య అందుకున్నాడు. "నేను చచ్చానా బావా? గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి ఎట్టాగూ నేనే మొయ్యాలిగా. కార్లోకి కూడా ఎత్తుతా. ఏమే, చెన్నైలో ఏం తింటన్నావో గానీ ఈ నాలుగు రోజులు తగ్గించు."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, రెగ్జిన్ ఊడదీయడం మొదలుపెట్టాడు. వెల్డింగు మంటకు అది కాలిపోకుండా తన చేత్తోనే విప్పి మడతపెట్టాడు.

పని అయ్యాక నాన్న తోలాడు, నేను పక్కన కూర్చున్నాను. అదే కోటప్పకొండ దారి, అదే మలుపు. స్టీరింగు నిలకడగా ఉంది. బాడీ గట్టిపడింది కాబట్టి వెనక స్ప్రింగులు తీయించి కాస్త మెత్తటివి వేయించాను. ఇప్పుడు గుంతలు స్ప్రింగుల దగ్గరే ఆగిపోతున్నాయి. నాన్న అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇప్పుడు బండి మాట వింటంది" అన్నాడు. మా జట్టులో ఎవరైనా ఇంతకంటే మంచి రిపోర్టు రాసినట్లు నాకు గుర్తులేదు.

తరలివెళ్లే రోజు పొద్దున్నే మావయ్య నన్ను పట్టుచీరతో, పూలజడతో సహా ఎత్తి, మూసిన తలుపు మీదుగా సీటులో దించాడు. తన నడుం పట్టుకుని "ట్రక్కుకి బస్తా ఎత్తినా ఇంత కష్టం లేదు" అన్నాడు. జడ ఊడిపోతుందని అమ్మ నా తలకు తువ్వాలు చుట్టింది, దాంతో దారి పొడవునా నేను మిరపకోతకు పోతున్నదానిలా ఉన్నాను. పొలాల్లో ఉన్నవాళ్లు చేతులూపారు. బస్సుల్లో వాళ్లు ఫోన్లు తీశారు. గతుకు వచ్చినప్పుడల్లా నాన్న ఓరగా నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ ప్రయాణమంతా మాకు అవే మాటలు.

కారంపూడిలోనూ మావయ్యే నన్ను ఎత్తి దించాడు. పెళ్లి బాగా జరిగింది. సాయంత్రం అప్పగింతలకు కూర్చున్నాం. నా చేతులు పాలలో ముంచి పెళ్లికొడుకు చేతుల్లో పెట్టాక, కన్నవాళ్లు ఒక మాట చెప్పాలి. గారాబంగా పెంచుకున్నాం, తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి అంటారు ఎవరైనా. అమ్మ అదే చెప్పింది, సగంలోనే ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయింది. అందరూ నాన్న వైపు చూశారు. ఆయన నా చేతుల మీదుగా పెళ్లికొడుకు చేతులు పట్టుకున్నాడు.

"బాబూ, మా అమ్మాయి ఏదన్నా పనికిరాదందంటే కోపం తెచ్చుకోబాకండి. ఒక్క నిమిషం ఆగి చూడండి. నేను చూశా. చూడబట్టే ఇంత దూరం క్షేమంగా తోలుకొచ్చా."