మద్రాసు నుంచి గంటా నలభై ఎనిమిది నిమిషాలు

నా చిన్నప్పుడు చేసిన లెక్కల్లో ఒక్క అంకె కూడా తప్పు పోనిది ఒకటుంది. ఇప్పటికీ నాకు సిగ్గనిపించేది దాని గురించే.

అప్పటికి నాకు పదకొండేళ్లు. అమ్మ పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఉంది. ఇక ఆశ లేదని డాక్టరు సోమవారమే తాతయ్యతో చెప్పేశారు. పని మీద మద్రాసు వెళ్లిన నాన్నకు టెలిగ్రాం ఇస్తే, గురువారం ఉదయం తొమ్మిది గంటల విమానానికి టికెట్ దొరికిందని జవాబొచ్చింది. ఆయన్ని ఒక్కసారి చూడాలంది అమ్మ. ఇంకేమీ అడగలేదు.

నేను బడి అట్లాసు మీద దారం పరిచి కొలిచాను. పదమూడు వందల యాభై కిలోమీటర్లు. విమానం గంటకు ఏడు వందల యాభై పోతుందని మాస్టారు చెప్పారు. భాగిస్తే గంటా నలభై ఎనిమిది నిమిషాలు. "పది నలభై ఎనిమిదికి దిగుతారమ్మా, పక్కా!" అన్నాను. "వాహ్, పైలట్ మేడమ్!" అని నర్సు దీదీ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తల దువ్వమంది. తలగడలు ఎత్తు పెట్టించుకుని గోడ గడియారానికి ఎదురుగా కూర్చుంది.

పది నలభై ఐదుకి మబ్బుల పైన చప్పుడు వినబడింది. కిటికీ దగ్గరకు పరుగెత్తాను. వాన తప్ప ఏమీ కనబడలేదు. ఆ చప్పుడు రెండుసార్లు ఊరిని చుట్టి, సన్నబడి, ఆగిపోయింది. రన్‌వే కనబడక విమానం వెనక్కి వెళ్లిపోయిందని మధ్యాహ్నానికి తెలిసింది. రెండు వేల ఏడు వందల కిలోమీటర్లు తిరిగి నాన్న మళ్లీ మద్రాసులోనే దిగారు. అమ్మ గడియారం మీంచి ముఖం తిప్పేసుకుంది. గంజి కూడా తాగలేదు.

విమానం మర్నాడు మళ్లీ బయల్దేరుతుందన్నారు. ఆ వేళ చెబుదామని మళ్లీ దారం తీశాను. తాతయ్య దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నారు. అమ్మకు తండ్రి ఆయన. బాంబూఫ్లాట్ రేవుకు ఫెర్రీ పడవ నడిపే సరంగు. అవతలి ఒడ్డుకు పావుగంట ప్రయాణం. అయినా ఎన్నింటికి చేరతామో ఆయన ఏ ప్రయాణికుడికీ చెప్పేవారు కాదు. పడవ పుస్తకంలో బయల్దేరిన వేళ రాసేవారు. చేరిన వేళ మాత్రం, జెట్టీ గుంజకు తాడు పడ్డాకే.

"తెలిసిందే సెప్పాల బేటీ. వచ్చేస్తాడు అనకూడదు. బయల్దేరాడు అనాల. అంతే."

మర్నాడు విమానం తొమ్మిదిన్నరకు లేచింది. విమానాల ఆఫీసుకు ఫోన్ చేయించి ఆ సంగతి తెలుసుకున్న తాతయ్య, తడిసిన గొడుగుతోనే వచ్చి అమ్మ చెవి దగ్గర వంగారు. "లేచింది తల్లీ. మీ ఆయన బయల్దేరిపోనాడు."

ఎన్నింటికని అమ్మ నన్ను కళ్లతోనే అడిగింది. పదకొండు పద్దెనిమిది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "బయల్దేరారమ్మా" అన్నాను. నా వేలు పట్టుకుంది. పది ఇరవైకి ఆ పట్టు వదులైంది.

నాన్న వార్డులో అడుగుపెట్టింది పన్నెండూ ఐదుకి.

అమ్మ విన్న ఆఖరి మాట నిజం. అంత మాత్రం దక్కించింది తాతయ్య.

ఇప్పుడు ఫోన్‌లో విమానం గీత వెంట కదలడం కూడా కనబడుతుంది. చెన్నైలో ఎక్కగానే నా మనవరాలు "ఎన్నింటికి దిగుతానో చూస్కో అమ్మమ్మా" అంటుంది. చూడను. నా డైరీలో రెండు గడులుంటాయి. మొదటిది అప్పుడే నింపుతాను. రెండోది, తన చెప్పులు మా గుమ్మం ముందు విడిచాక.